రెండో గేరు గరగరమంటుంటే గేర్ బాక్సు దించే ముందు ఆయిల్ చూడండి

మీరు అడిగింది ఇది: అనంతపురంలో 2008 మోడల్ మారుతి ఆల్టో, లక్షా పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగింది. పొద్దున బండి తీయగానే రెండో గేరు గరగరమంటుంది, నాలుగైదు కిలోమీటర్లు పోయాక తగ్గుతుంది. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు లేదు. ఒక మెకానిక్ బాక్సు దించాలన్నాడు, ఇంకొకాయన "మన ఎండలకు పల్చటి ఆయిల్ నిలబడదు, 140 పోయించు" అన్నాడు (140 అంటే బాగా చిక్కటి గేర్ ఆయిల్ గ్రేడు). మీ మామ 2010 హోండా సిటీ ఆటోమేటిక్ సంగతి కూడా అడిగారు: ఇన్నేళ్లు ముట్టని ఆయిల్ ఇప్పుడు మారిస్తే గేర్ బాక్సు పోతుందంటున్నారు, నిజమేనా అని.

ముందు ఆల్టో. చల్లగా ఉన్నప్పుడు గరగర, వేడెక్కాక మామూలు అన్న మీ ఒక్క మాటలోనే సగం జవాబు ఉంది. గేర్ల వేగం కలిపే ఇత్తడి రింగులు పూర్తిగా అరిగిన బాక్సు వేడెక్కినా అట్లాగే అరుస్తుంది. వేడికి తగ్గే గరగరలో ఆయిల్ పాత్ర పెద్దది. కాబట్టి ఇప్పుడే దించొద్దు. 140 మాత్రం అసలే వద్దు.

140 ఎందుకు వద్దో తెలియాలంటే గేరు పడేటప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలియాలి. మీరు లీవరును రెండో గేరులోకి నెట్టినప్పుడు ఒక ఇత్తడి రింగు (సింక్రో రింగు అంటారు) పోయి గేరు కోన్ మీద రుద్దుకుంటుంది. ఆ రాపిడితో రెండింటి వేగం సమం అవుతుంది, అప్పుడు పళ్లు చప్పుడు లేకుండా కలుస్తాయి. రింగు లోపలి వైపు సన్నటి గాట్లు ఉంటాయి. మధ్యలో ఉన్న ఆయిల్ పొరను కోసి పక్కకు తోసేయడమే వాటి పని. ఆయిల్ చిక్కబడితే ఆ పొర తొందరగా తెగదు, రింగు జారుతుంది, వేగాలు కలవకముందే పళ్లు తగులుకుంటాయి. మీకు వినిపించే గరగర అదే. ఇప్పటికే ఈ బాధ ఉన్న బాక్సులో 140 పోస్తే పొద్దుటి గరగర మధ్యాహ్నం దాకా సాగుతుంది. మోత కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది కాబట్టి కొందరు దాన్ని బాగుపడటం అనుకుంటారు. పాత బండి అమ్మేవాళ్లు బేరింగు శబ్దం కప్పిపెట్టడానికి చేసే పని కూడా ఇదే.

ఎండల వాదన సంగతి. గేర్ ఆయిల్ డబ్బా మీద ఉండే 90 అనే అంకె 100 డిగ్రీల దగ్గర కొలిచిన చిక్కదనాన్ని బట్టి ఇచ్చింది. 90 గ్రేడు అంటే ఆ వేడి దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల (చిక్కదనం కొలిచే ప్రమాణం) మధ్య ఉండాలి. 140 అయితే 24 నుంచి 32.5. అంటే మే నెలలో మన ఊళ్లో 43 డిగ్రీలున్నా ఆ లెక్క ముందే వేసి ఉంది. 75డబ్ల్యు, 80డబ్ల్యు అనేవి చలిలో ఎంత పారుతుందో చెప్పే అంకెలు. మనకు మంచు పడదు కాబట్టి ఆ తేడా ప్రాణం మీదికి రాదు కానీ, డిసెంబరు పొద్దున రెండో గేరు దగ్గర 75డబ్ల్యు-90కి, 80డబ్ల్యు-90కి తేడా చేతికి తెలుస్తుంది. మీ బాధ సరిగ్గా అక్కడే కాబట్టి 75డబ్ల్యు-90 తీసుకోండి. ఇంకో సంగతి, ఇంజన్ ఆయిల్ అంకెలనూ గేర్ ఆయిల్ అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రెండూ వేర్వేరు కొలమానాలు. ఇంజన్ ఆయిల్‌లో 40 గ్రేడు 100 డిగ్రీల దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోకులు. అంటే 75డబ్ల్యు-90 గేర్ ఆయిల్, 10డబ్ల్యు-40 ఇంజన్ ఆయిల్ దాదాపు ఒకే చిక్కదనం. 90 అనగానే జిగురులా ఉంటుందని భయపడక్కర్లేదు, 40 అనగానే నీళ్లనుకోవాల్సిన పనీ లేదు.

గ్రేడు కంటే ముఖ్యమైనది తరగతి. డబ్బా మీద జి.ఎల్-4 అని ఉండాలి. షాపులో జి.ఎల్-5 చేతికిచ్చి "ఇది దానికంటే పై రకం" అంటారు. అది పై రకం కాదు, వేరే పనికి చేసింది. బొలేరో, సుమో లాంటి వెనక చక్రాలు తిప్పే బండ్ల వెనక యాక్సిల్ మధ్యనుండే గేర్ల పెట్టె, అంటే క్రౌన్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ తిరుగుతాయి, అక్కడ ఒత్తిడి విపరీతం. అది తట్టుకోవడానికి జి.ఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు జి.ఎల్-4 కంటే దాదాపు రెట్టింపు వేస్తారు. క్రౌన్‌కు అది అవసరమే. మీ ఆల్టో బాక్సులో అదే మందు ఇత్తడి రింగులను తినే అవకాశం ఉంది, పైగా రింగు పట్టు తగ్గిస్తుంది. జి.ఎల్-4, జి.ఎల్-5 రెండూ ఒకే డబ్బా మీద రాసి ఉంటే దాన్ని కూడా ఈ బాక్సుకు పక్కన పెట్టండి. బొలేరో ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, వాళ్లకు గేర్ బాక్సు వేరు, క్రౌన్ వేరు, రెండు నట్లు, రెండు ఆయిళ్లు. మీకు ముందు చక్రాలు తిరిగే బండి కాబట్టి డిఫరెన్షియల్ (రెండు చక్రాలకూ బలం పంచే గేర్లు) కూడా బాక్సు లోపలే ఉంది, ఒకే ఆయిల్ అన్నింటికీ సరిపోతుంది.

ఆయిల్ కొనే ముందు ఇంటి దగ్గరే ఒక పరీక్ష చేయండి. ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. మెత్తగా పడుతున్నాయా? ఇప్పుడు ఇంజన్ ఆన్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. ఆగిన తర్వాత కూడా రివర్స్ గర్రుమంటే తప్పు ఆయిల్‌ది కాదు, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఆల్టోకు క్లచ్ కేబులు, అది సాగుతుంది. పెడల్ మొదట్లో రమారమి ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీగా కదిలి ఆ తర్వాత బరువు తగలాలి. ఖాళీ మరీ ఎక్కువైతే క్లచ్ సగమే విడుస్తుంది. కేబుల్ చివర నట్టు తిప్పి సరిచేయడం పది నిమిషాల పని. (రివర్స్‌కు సింక్రో రింగు ఉండదు, అందుకే ఆ మూడు సెకన్లు ఆగమన్నది. ఆగకుండా వేస్తే కొత్త బండి కూడా గర్రుమంటుంది.)

న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే ఊళపెట్టినట్టు మోత వచ్చి, తొక్కగానే ఆగిపోతే అది ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగు. నడుస్తుండగా గేరు దానంతట అదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంటే లోపల ఫోర్కో హబ్బో అరిగింది. ఈ మూడింటిలో ఏదున్నా ఆయిల్ మార్చి డబ్బు దండగ చేసుకోకండి, మీ మెకానిక్ మాట నిజమవుతుంది. లీవరు అటూ ఇటూ గరిటెలా ఊగుతుంటే దాన్ని బాక్సుకు కలిపే లింకేజీ బుషులు పోయాయి. అవి చవక, బాక్సు దించకుండానే మార్చొచ్చు.

ఇప్పుడు మట్టం. ఆల్టో గేర్ బాక్సుకు ఇంజన్‌కు ఉన్నట్టు డిప్‌స్టిక్ ఉండదు. కేసు పక్కన ఉన్న లెవెల్ నట్టే డిప్‌స్టిక్, ఆయిల్ పోసే నోరు కూడా అదే. నట్టు విప్పితే ఆయిల్ ఆ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. చిటికెన వేలు లోపల పెట్టి కిందికి వంచితే వెంటనే తడి తగలాలి. ఈ కొలత నిజం కావాలంటే బండి నాలుగు చక్రాలూ సమంగా ఉండాలి. మన ఇళ్ల ముందు కడప బండలు పరిచిన నేల సమంగా కనిపిస్తుంది కానీ నీళ్లు పోవడానికి కాలువ వైపు వాలు పెట్టి పరుస్తారు. బండి మూతి కాలువ వైపు ఉంటే ఒక కొలత, ఇంటి వైపు ఉంటే ఇంకో కొలత వస్తుంది. ఒక గిన్నెలో నీళ్లు పోసి బండ మీద పెట్టి చూడండి, వాలు ఎంతో కంటికే తెలుస్తుంది. ముందు చక్రాలు మాత్రమే జాకీ మీద ఎత్తి లెవెల్ చూడటం ఇంకా పెద్ద తప్పు. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో గుంత గానీ లిఫ్ట్ గానీ ఉంటే అక్కడ చేసుకోవడం మేలు. ఇంట్లోనే చేస్తే ముందూ వెనకా నాలుగు స్టాండ్ల మీద బండిని సమంగా నిలబెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు, ఇటుకలు పేర్చి అస్సలు దూరొద్దు.

మట్టం తక్కువగా ఉందంటే ఆయిల్ ఎక్కడో కారుతోందని అర్థం. ఇంజన్ ఆయిల్ లాగా గేర్ ఆయిల్ మండి తరగదు. చక్రాలకు పోయే యాక్సిళ్లు బాక్సులోంచి బయటికి వచ్చే చోట సీళ్లు చూడండి, అక్కడ తడిసి ఎర్రమట్టి పేరుకుని ఉంటుంది. గేరు షాఫ్టు సీలు, రివర్స్ లైటు స్విచ్చి కూడా చూడండి. ఇంజన్‌కూ బాక్సుకూ మధ్య నుంచి కారుతుంటే వేలికి రాసి వాసన చూడండి. గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్, లేకుంటే ఇంజన్ వెనక సీలు. కేసు పైన లోపలి గాలి బయటికి పోయే ఒక చిన్న బ్రీదర్ ఉంటుంది, మట్టితో పూడిపోతే లోపల గాలి వేడికి ఉబ్బి మంచి సీళ్ల గుండా కూడా ఆయిల్‌ను బయటికి నెడుతుంది. సీలు మార్చినా మళ్లీ మళ్లీ కారే బండ్లలో చాలామంది చూడనిది ఈ బ్రీదరే.

మట్టం తగ్గితే ముందు దెబ్బ తగిలేది ఐదో గేరుకు. ఈ తరహా బాక్సుల్లో ఐదో గేరు మిగతావాటితో పాటు మధ్యలో ఉండదు, చివర పక్క కవరులో ఉంటుంది. కింద ఉన్న ఆయిల్‌ను పళ్లు ఎగజిమ్మితేనే అక్కడికి చేరుతుంది. అర లీటరు తగ్గిన బాక్సుతో ఊళ్లో తిరిగితే ఏమీ తెలియదు. అదే బండిని 44వ నంబరు హైవే ఎక్కించి కర్నూలు దాకా ఐదో గేరులోనే తోలితే ఆ గేరు ఎండిపోయి కాలుతుంది.

ఇంక మార్చే పని. సామాను: జి.ఎల్-4 75డబ్ల్యు-90 ఆయిల్ (ఈ బాక్సుకు పట్టేది కాస్త అటూ ఇటుగా రెండు లీటర్లు, మూడు తెచ్చుకోండి, కొంత కింద పోతుంది), పోసే నట్టుకూ, కింద ఆయిల్ దించే డ్రెయిన్ నట్టుకూ సరిపోయే పానా, మీటరు పొడవున్న పారదర్శకమైన పైపు, గరాటు, వైరు బ్రష్షు, కిరోసిన్ గుడ్డలు, పక్కకు కోసిన ఐదు లీటర్ల డబ్బా. నట్ల తల ఒక్కో బండికి ఒక్కో రకం. కొన్నింటికి బయట ఆరు పలకలు, కొన్నింటికి లోపల చదరపు గుంట, కొన్నింటికి ఎలెన్ కీ. పని మొదలుపెట్టాక కాదు, ముందు రోజే కిందికి వంగి చూసి సరైన పానా తెచ్చుకోండి. లోపల గుంట ఉన్న నట్టును సరిపడని కీతో తిప్పితే మూలలు గుండ్రమైపోతాయి, ఆ తర్వాత వెల్డింగ్ షాపు దారే.

బండిని ఎనిమిది పది కిలోమీటర్లు తిప్పి తీసుకురండి. గోరువెచ్చటి ఆయిల్ అడుగు మురికితో సహా దిగుతుంది. మరీ కాలేటట్టు ఉంటే పావుగంట ఆగండి. నట్ల చుట్టూ మట్టిని బ్రష్షుతో, కిరోసిన్ గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఆ మట్టి లోపల పడితే బేరింగులను ఉప్పుకాగితంలా గీస్తుంది.

ఇప్పుడు ఎవరు ఎంత తొందరపెట్టినా మర్చిపోకూడని క్రమం: ముందు పై నట్టు, అంటే పోసే నట్టు విప్పాలి. అది వచ్చాకే కింది డ్రెయిన్ నట్టు ముట్టాలి. పదిహేనేళ్లు విప్పని పై నట్టు రాకపోతే, కింద అప్పటికే ఆయిల్ దించేసి ఉంటే, బండి ఆయిల్ లేకుండా అక్కడే నిలబడిపోతుంది. పై నట్టు రాలేదంటే తుప్పు విడిచే నూనె కొట్టి ఓ రాత్రి వదిలేయండి. మర్నాడు కూడా రాకపోతే కింది నట్టు విప్పకుండా బండి నడుపుకుంటూ షెడ్డుకు పోవచ్చు.

డ్రెయిన్ నట్టు విప్పాక పదిహేను ఇరవై నిమిషాలు చుక్క చుక్క దిగే దాకా వదిలేయండి. దిగిన ఆయిల్‌ను పారబోయకుండా పాత లీటరు డబ్బాల్లోకి పోసి కొలవండి. ఒకటింపావు లీటరే దిగితే ఇన్నాళ్లూ బాక్సు ఆకలితో తిరిగిందని తెలుస్తుంది. రంగు నలుపు, గోధుమ రంగు ఉంటే వయసు మీద పడిందంతే. మజ్జిగలాగా తెల్లబడి ఉంటే నీళ్లు కలిశాయి. వాన పడ్డప్పుడు వంక దాటించినవాళ్లకు ఇది మామూలే: వేడిగా ఉన్న బాక్సు చల్లటి నీళ్లలో దిగగానే లోపల గాలి కుంచించుకుని బ్రీదర్ గుండా, సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినట్టు బండి మొత్తం మునగక్కర్లేదు, యాక్సిల్ దాకా నీళ్లు చాలు. నీళ్లు కలిసిన బాక్సులో కొత్త ఆయిల్ పోసి వంద కిలోమీటర్లు తిప్పి మళ్లీ దించేయాలి, రెండోసారి పోసిందే ఉంచాలి. డీజిల్ పోసి ఇంజన్ ఆన్ చేసి కడిగే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. చేయనివ్వకండి. ఆ రెండు నిమిషాలు బేరింగులు పొడిగా తిరుగుతాయి, మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌ను పలచబరుస్తుంది.

నట్టు కొసన అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు ముద్ద కనిపిస్తుంది. వేళ్లతో నలిపితే కాటుకలా మెత్తగా ఉంటే భయం లేదు, ఇన్ని కిలోమీటర్లకు అంత అరుగుదల సహజం. గోటికి తగిలే పెచ్చులు, సూదుల్లాంటి ముక్కలు ఉంటే పన్నో బేరింగో విరుగుతోంది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, దాన్ని ఆయిల్‌లో వెతకాలి. దిగిన ఆయిల్‌ను ఎండలో పెట్టి కదిలించండి. బంగారు రజను మెరిస్తే సింక్రో రింగులు అరుగుతున్నాయి. కొద్దిగా మెరవడం ఈ వయసు బండికి తప్పు కాదు. ఆయిల్ మొత్తం జరీ చీరలా మెరిస్తే మాత్రం రెండో గేరు రింగు ఇంక ఎన్నాళ్లో ఉండదు.

కింది నట్టు తుడిచి, వాషరు ఉంటే కొత్తది వేసి బిగించండి. పాత వాషరు ఒకసారి నలిగింది, మళ్లీ కూర్చోదు. వాషరు లేని నట్టయితే మరకు సీలెంటు పల్చగా రాయాలి, ఎం-సీల్ కాదు. కేసు అల్యూమినియం. పొడవు పానా వేసి రెండు చేతుల బలం పెడితే మర ఊడి వస్తుంది. సాకెట్‌తో ఒక చేత్తో గట్టిగా బిగిస్తే చాలు. వర్క్‌షాప్ మాన్యువల్ దొరికితే అందులో ఉన్న టార్కు (బిగింపు బలం) అంకె పెట్టండి.

కొత్త ఆయిల్ డబ్బాలను ముందే అరగంట ఎండలో పెట్టండి, మన ఎండ ఎందుకైనా పనికి రావాలి కదా. వేడెక్కిన ఆయిల్ పైపులో తొందరగా దిగుతుంది. బానెట్ వైపు నుంచి పైపు కిందికి దించి కొసను పై రంధ్రంలో పెట్టి గరాటుతో నెమ్మదిగా పోయండి. చోటు చాలకపోతే పెద్ద సిరంజితో కింది నుంచి ఎక్కించొచ్చు. రంధ్రం అంచు దాటి కారడం మొదలైతే నిండినట్టు. ఐదు నిమిషాలు ఆగి, దిగితే ఇంకాస్త పోసి, మళ్లీ కారేటప్పుడు మూసేయండి. "ఇంకో అర లీటరు పోస్తే మంచిదే కదా" అని స్పీడోమీటరు గేరు రంధ్రం నుంచి అదనంగా పోసేవాళ్లున్నారు. ఎక్కువైన ఆయిల్‌ను పళ్లు చిలికి నురగ చేస్తాయి, నురగ బేరింగును కాపాడదు, ఒత్తిడి పెరిగి సీళ్లు కారుతాయి. కింద ఒలికింది బండలకు పట్టకముందే శనక్కాయ పొట్టు చల్లి ఊడ్చేయండి. పాత ఆయిల్‌ను చెదలకని తలుపులకు పూయడం, కాలువలో పోయడం వద్దు. వాడిన ఆయిల్ కొనుక్కునేవాళ్లు ప్రతి సర్వీస్ షెడ్డుకూ వస్తారు, డబ్బాలు అక్కడ ఇచ్చేయండి.

పది కిలోమీటర్లు తిప్పి రెండు నట్ల కిందా తెల్ల కాగితం పెట్టి చూడండి, మళ్లీ వంద కిలోమీటర్ల తర్వాత ఒకసారి. గరగర మొదటి రోజే పోదు. కొత్త ఆయిల్ అన్ని మూలలకూ చేరి రింగుల మీద పాత జిడ్డు కరగడానికి నాలుగైదు వందల కిలోమీటర్లు ఇవ్వండి. అప్పుడు పొద్దున ఒకటి రెండు గేర్ల దగ్గర మాత్రమే కాస్త బిగువుగా ఉండి, చప్పుడు లేకపోతే అంతటితో వదిలేయండి. ఇక మీదట నలభై యాభై వేల కిలోమీటర్లకోసారి మార్చండి, వంక నీళ్లలో దిగితే వెంటనే చూడండి. వేడెక్కాక కూడా మూడు నుంచి రెండుకు దించేటప్పుడు గరగరమంటే రింగు పోయింది, అప్పుడు దించాల్సిందే. రెండో గేరే ముందు పోతుంది, ఎందుకంటే ఒకటికీ రెండుకూ మధ్య వేగం తేడా పెద్దది, ఊళ్లో ఎక్కువ సార్లు వేసేదీ దాన్నే. దించిన రోజు రెండో గేరు రింగుతో పాటు హబ్బు, స్లీవు పళ్లు చూపించమనండి, యాక్సిల్ సీళ్లు, ఇన్‌పుట్ సీలు కొత్తవి వేయించండి, క్లచ్ ప్లేటు సగం దాటి అరిగి ఉంటే దాన్నీ అప్పుడే. మళ్లీ దించే కూలీ ఆ సామాను ఖరీదును మించిపోతుంది.

ఇప్పుడు మీ మామ సిటీ. ఆటోమేటిక్‌లో ఆయిల్ పని వేరు. అది పళ్లకు నూనె పట్టించడమే కాదు, ఒత్తిడితో క్లచ్‌లను బిగిస్తుంది, టార్క్ కన్వర్టర్ గుండా ఇంజన్ బలాన్ని చక్రాలకు మోస్తుంది, వేడిని మోసుకెళ్లి కూలర్‌లో వదులుతుంది. అందుకే ఇక్కడ రకం తప్పితే క్షమాపణ ఉండదు. ఆ బండికి హోండా సొంత ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్సు ఆయిల్), పాత పేరు జెడ్-1, దాని స్థానంలో వచ్చింది డీడబ్ల్యు-1. "అన్ని ఆటోమేటిక్‌లకూ సరిపోతుంది" అని రాసిన డబ్బా చవకగా వస్తుందని పోయొద్దు. ఎస్పీ-3 ఆయిల్ అడిగే హ్యుందాయ్ బండ్లకూ, టీ-4 అడిగే టొయోటా బండ్లకూ అదే మాట. అంతకు ముందు తరం సిటీల్లో సీవీటీ (గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) ఉన్నవి వచ్చాయి, దాని ఫ్లూయిడ్ పూర్తిగా వేరు, కలిపితే బెల్టు జారి చస్తుంది. ఏఎంటీ బండ్లు (మామూలు గేర్లను బండే వేసుకునేవి) మాత్రం, ఉదాహరణకు 2014లో వచ్చిన సెలెరియో, లోపల మామూలు గేర్ బాక్సే, దానికి మామూలు గేర్ ఆయిలే. గేర్లు వేసే హైడ్రాలిక్ పరికరానికి వేరే ఫ్లూయిడ్ ఉంటుంది, దాన్ని ఇంట్లో ముట్టుకోవద్దు.

మట్టం చూసే పద్ధతిలోనే చాలామంది తప్పుతారు. చాలా ఆటోమేటిక్‌లకు ఇంజన్ నడుస్తుండగా పార్క్‌లో పెట్టి చూడాలి. పాత హ్యుందాయ్‌లకు న్యూట్రల్‌లో. హోండాకు మాత్రం బండిని బాగా వేడెక్కించి, సమమైన నేల మీద ఆపి, ఇంజన్ ఆపేసిన తర్వాత ఒకటి ఒకటిన్నర నిమిషంలోపు చూడాలి. ఇంజన్ నడుస్తుండగా చూసి తక్కువుందని అర లీటరు పోసేస్తే ఎక్కువైపోతుంది. డిప్‌స్టిక్‌ను నూలు పీచు రాలని గుడ్డతో తుడవండి, ఒక్క పోగు వాల్వు బాడీలోకి (ఆయిల్‌ను దారులకు మళ్లించే భాగం) పోయినా ఇబ్బందే. ఎరుపు మంచిది, తేనె రంగు నడుస్తుంది, నల్లబడి మాడిన వాసన వస్తే క్లచ్ ప్లేట్లు కాలాయి. రోజ్ మిల్క్ రంగుంటే రేడియేటర్ లోపల కూలర్ చిల్లి పడి కూలెంటు కలిసింది, ఆ బండిని ఇక స్టార్టు చేయకుండా లాక్కెళ్లండి. నీళ్లు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది పొర ఊడిపోతుంది.

మారిస్తే పోతుందన్న భయానికి ఒక ఆధారం ఉంది. క్లచ్‌లు దాదాపు అరిగిపోయిన బాక్సులో, ఆ అరిగిన పొడి ఆయిల్‌లో తేలుతూ కాస్త పట్టు ఇస్తుంటుంది. కొత్త ఆయిల్ పోయగానే ఆ పట్టు పోయి జారడం బయటపడుతుంది. అంటే అప్పటికే చచ్చిన బాక్సు అసలు సంగతి తెలిసిందంతే. ఇంకో కారణం ఒత్తిడి మిషను: పైపులు తగిలించి వేగంగా కొత్త ఆయిల్ తోస్తే పేరుకున్న మడ్డి కదిలి సన్నటి దారుల్లో ఇరుక్కుంటుంది. కాబట్టి ఆయిల్ మాడు వాసన లేకుండా, గేర్లు జారకుండా ఉంటే మార్చండి, మిషను మాత్రం వద్దనండి. కింది నట్టు విప్పి దిగినంత దించడం, అంతే పోయడం. హోండా డ్రెయిన్ నట్టుకు మూడు బై ఎనిమిది అంగుళాల రాట్చెట్ నేరుగా కూర్చునే చదరపు గుంట ఉంటుంది. దిగేది రెండున్నర లీటర్ల చిల్లర, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ఒక్కసారికి సుమారు సగం మారిందనుకుంటే రెండోసారికి 75 శాతం, మూడోసారికి 87 శాతం దాకా కొత్తదవుతుంది. మధ్యలో ఏడెనిమిది వందల కిలోమీటర్ల ఎడం ఇవ్వండి, ఆ నడకలో మడ్డి కొద్దికొద్దిగా కరిగి దిగుతుంది. ప్రతిసారీ కొత్త వాషరు. దిగింది కొలిచి అంతే పోయండి, ఆ తర్వాత పైన చెప్పినట్టు వేడి మీద చూసి సరిచేయండి.

కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు మీ మామ డీ (డ్రైవ్)లోనే ఉంచి తొక్కుతుంటే గేర్లు మాటిమాటికీ పైకీ కిందికీ మారి ఆయిల్ బాగా వేడెక్కుతుంది. కింది గేరులో పెట్టి ఎక్కమనండి, దిగేటప్పుడు కూడా అంతే. మూడుసార్లు మార్చాక కూడా రెండు నుంచి మూడుకు పడేటప్పుడు వణుకు ఉంటే ఇంక ఆయిల్ ఖర్చు ఆపి, స్కానర్ పెట్టి కోడ్లు చదివించి, సోలినాయిడ్లూ (ఆయిల్ దారులు తెరిచి మూసే కరెంటు వాల్వులు) ప్రెషర్ స్విచ్చీలూ చూపించాలి.